టింగు మాస్టారూ, ఉత్త మాస్టారూ

బళ్ళో అన్నిటికన్నా దండగమారి వస్తువు ఏది? కాలు విరిగిన బెంచీయా? కాదు. నీళ్ళు రాని కుళాయా? కానే కాదు. మాస్టారు! పుల్లవిరుపుగా అంటున్నాననుకోకండి, అనుభవం మీద చెబుతున్నాను. మూడో తరగతికి లెక్కలు చెప్పే మాస్టారిని నేనే కాబట్టి, ఈ సంగతి తేల్చడానికి నాకన్నా అర్హుడు మరొకడు లేడు.

ఆలోచించండి. మాస్టారికి ఆకలేస్తుంది, జలుబు చేస్తుంది. ఏడెనిమిదులెంతరా అని పదిసార్లు ఓపిగ్గా అడిగి, పదకొండోసారి చాక్‌పీసు విసురుతాడు. అదే ట్యాబ్‌లో ఉండే సాఫ్ట్‌వేర్? వెయ్యిసార్లు అడుగుతుంది! వెయ్యిసార్లూ అదే గొంతు, అదే చిరునవ్వు. చాక్‌పీసు విసరడానికి దానికి చేతులే లేవు. ఇంతకన్నా శాంతమూర్తి మీకు ఎక్కడ దొరుకుతాడు?

అందుకే మా బడి ఓనరుగారు ఒక సోమవారం పొద్దున్నే ట్యాబుల పెట్టెలు దింపించినప్పుడు నేను మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాను. పక్క సెక్షన్ టీచరమ్మ మాత్రం కొట్టలేదు. ఆవిడ తీరే అంత. కొత్త వస్తువు ఏది కనబడినా ముందు "దీనివల్ల మన పిల్లలకేంటి?" అని అడుగుతుంది. ఇలాంటి ప్రశ్నలు వేసేవాళ్ళుంటే లోకం ఇక ముందుకెలా పోతుంది?

ఆ ట్యాబులు వాడడమెలాగో నేర్పడానికి కంపెనీ తరఫున టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు.

"ఇది డ్రిల్ అండ్ ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్ సార్" అన్నాడు. "ఒకే రకం లెక్కలు మళ్ళీ మళ్ళీ ఇస్తుంది. కరెక్టయితే టింగుమని మోగి ఒక స్టార్ ఇస్తుంది. తప్పయితే 'మళ్ళీ ప్రయత్నించు!' అంటుంది. వచ్చేదాకా వదలదు."

డ్రిల్ అన్న మాట చెవినబడగానే, గ్రౌండులో విజిల్ ఊదే మా డ్రిల్ మాస్టారు తన ఉద్యోగానికే ఎసరొచ్చిందనుకుని పరుగెత్తుకొచ్చాడు. "నీక్కాదులే, ఎసరు నాకు. నువ్వెళ్ళి ఊదుకో" అని నచ్చజెప్పి పంపించాను.

"మరి మేమేం చెయ్యాలండీ?" అని టీచరమ్మ అడిగింది.

టై ఆయన గతుక్కుమన్నాడు. ఆయన చూపించే స్లైడ్లలో ఈ ప్రశ్న లేదు. కాసేపు బుర్ర గోక్కుని, "ఛార్జింగ్ పెట్టాలి మేడమ్" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది! ఇన్నేళ్ళూ గొంతు చించుకున్న మనిషిని. నా చేతిలోంచి చాక్‌పీసు తీసి, ఛార్జరు పెట్టినవాడు చల్లగా ఉండాలి.

ఆ రోజు నుంచి మా క్లాసు చూడవలసిందే. అరుపుల్లేవు, కేకల్లేవు, పెన్సిలు కోసం జుట్లు పట్టుకోవడాల్లేవు. పిల్లలందరూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నోళ్ళు కాస్త తెరుచుకుని, వేళ్ళతో టపటపా కొడుతూ ఉండేవాళ్ళు. హెడ్‌ఫోన్ తీగ ఊడిన చోటల్లా టింగు, టింగు, టింగు. పిల్లలు దానికి టింగు మాస్టారని పేరు పెట్టారు. అప్పుడు నాకూ ఒక పేరు కావలసివచ్చింది. ఉత్త మాస్టారు! ఎవరో "మాస్టారూ!" అంటే నేను లేచేవాణ్ణి. "మిమ్మల్ని కాదండీ" అని ఎంతో మర్యాదగా కూచోబెట్టేవాళ్ళు.

ఇక ఇళ్ళల్లో ఆ మహిమ చెప్పనలవి కాదు. ఒక తండ్రి నన్ను వీధిలో ఆపి, "మావాడు పళ్ళు తోముకుని నోరు తెరిచి నా ముందు నిలబడతాడండీ. నేను టింగుమంటే గానీ కదలడు" అన్నాడు. ఎంత క్రమశిక్షణ! మనమూ పెరిగాం, ఏం లాభం? ఒక్క టింగైనా ఎరుగుదుమా?

పిల్లల తెలివి కూడా అమాంతం పెరిగింది. కిటికీ పక్కన ఒకడు కూచుంటాడు. ప్రతిదానికీ వాదిస్తాడని వాణ్ని లాయరు అంటాం. వరసగా మూడు తప్పులు కొడితే సాఫ్ట్‌వేర్ జాలిపడి జవాబు తనే చూపిస్తుందనీ, ఆ జవాబే మళ్ళీ కొడితే స్టార్ ఇచ్చేస్తుందనీ వాడు కనిపెట్టాడు. సాయంత్రానికల్లా క్లాసంతా వాడి క్లయింట్లే! లెక్క చదవక్కర్లేదు. ఒకటి, ఒకటి, ఒకటి, టింగు!

"ఇది మోసం కదరా?" అన్నాను.

"మోసమెలా అవుతుందండీ? నేనడగలేదు, అదే చెప్పింది" అన్నాడు లాయరు.

జీవితంలో పైకి రావడానికి ఇంతకన్నా ఏం కావాలి? నా లాప్‌టాప్‌లో ఒక్కొక్క పిల్లవాడికీ ఒక్కొక్క గడి ఉంటుంది. లెక్క వచ్చినవాళ్ళది ఆకుపచ్చ, రానివాళ్ళది ఎరుపు. చూస్తుండగానే క్లాసంతా పచ్చటి పచ్చిక బయలైపోయింది.

అందులో ఒకే ఒక్క ఎర్ర గడి.

అది బుంగమూతిది. చూపు ఎప్పుడూ నేలమీదే ఉంచి, కింది పెదవి ముందుకు పెట్టుకు కూచునే పిల్ల. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, లాయరు చిట్కా ఈ పిల్ల ముట్టుకోలేదు. ఎందుకమ్మా అంటే, "నేను చేస్తా" అంది. అంతే. రెండో మాట లేదు.

చేస్తూనే ఉంది. యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది తీసెయ్యమంటుంది టింగు మాస్టారు. ఈ పిల్ల ఇరవై ఆరు అని కొడుతుంది. మళ్ళీ ప్రయత్నించు! ఇరవై ఆరు. మళ్ళీ ప్రయత్నించు! ఇరవై ఆరు. అదీ శాంతమూర్తే, ఇదీ మొండిఘటమే. మూడు తప్పులవగానే అది జవాబు చూపించేది. ఈ పిల్ల ఆ జవాబుని చేత్తో మూసేసి, మొదటి నుంచీ మొదలుపెట్టేది. ఆ ఇద్దరి మధ్యా సంధి కుదిర్చే నాథుడు లేడు.

ఒకరోజు బుంగమూతి ట్యాబ్‌ని బెంచీ మీద బోర్లించి, దానిమీద తల పెట్టేసుకుంది. వెళ్ళి వీపు తట్టాను. తల ఎత్తితే మొహమంతా కన్నీళ్ళు.

"ప్రయత్నిస్తూనే ఉన్నా కదండీ!" అంది వెక్కుతూ. "ఎన్నిసార్లు చేసినా నాకదే వస్తోంది. ఇంకెలా చెయ్యాలో అది చెప్పదే!"

ఛార్జర్లన్నీ పెట్టేసి ఖాళీగా ఉన్నాను కాబట్టి, ఆ క్షణంలో నాకు బుద్ధి గడ్డితింది. చెప్పుకుంటే పరువు తక్కువ, కానీ చెబుతున్నాను. ఆ పొట్టి బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూచుని, ఈ కాలంలో ఎవరూ అడగని పాతకాలపు ప్రశ్న ఒకటి అడిగాను.

"ఎలా చేశావో చెప్పు తల్లీ."

"ఐదులోంచి మూడు పోతే రెండు. ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు. ఇరవై ఆరు."

"రెండు పైన ఉంది కదమ్మా. రెండులోంచి ఎనిమిది తియ్యాలి."

బుంగమూతి నా వంక జాలిగా చూసింది. "రెండులోంచి ఎనిమిది ఎలా పోతుందండీ? చిన్నదాంట్లోంచి పెద్దది పోదని పోయినేడు చెప్పారుగా. అందుకే పెద్దదాంట్లోంచి చిన్నది తీశా."

ఎంత న్యాయంగా ఉంది! చెప్పినమాట అక్షరాలా విన్న పిల్ల ఇది. ఇన్నాళ్ళుగా ఎర్రగా వెలుగుతున్నది ఈ మాట విన్నందుకు!

బీరువాలోంచి పెన్సిళ్ళు తీసి, పదేసి చొప్పున రబ్బరుబ్యాండు వేసి ఐదు కట్టలు కట్టాను. విడిగా రెండు పెట్టాను.

"ఇవి నీవి. యాభై రెండు. నాకు ముప్పై ఎనిమిది కావాలి, ఇవ్వు."

మూడు కట్టలిచ్చింది. విడివి రెండూ ఇచ్చింది. ఆగిపోయింది.

"ఇంకా ఆరు కావాలి" అన్నాను.

"లేవుగా."

"నీ ముందున్నవేంటి?"

"కట్టలు."

చుట్టూ టింగు టింగుమంటూనే ఉంది. బుంగమూతి ఒక కట్ట చేతిలోకి తీసుకుని, రబ్బరుబ్యాండు మీద వేలు పెట్టి అటూ ఇటూ తిప్పింది. తర్వాత, దొంగతనానికి అనుమతి అడుగుతున్నట్టు, మెల్లిగా అంది.

"కట్ట విప్పొచ్చా?"

"విప్పొచ్చు."

"మరి విప్పొచ్చని ముందే చెప్పరేం!"

ఆ కోపంలో లాగిన లాగుడికి రబ్బరుబ్యాండు ఎగిరొచ్చి నా కళ్ళజోడుకి తగిలింది. ఆరు పెన్సిళ్ళు నా ముందు విసురుగా పెట్టి, మిగిలినవి దగ్గరకి లాక్కుని చూసుకుంది. ఒక కట్ట, నాలుగు విడివి.

"పద్నాలుగు" అంది. ఎవరికీ చెప్పినట్టు లేదు.

తర్వాత ట్యాబ్ తిప్పి ఒళ్ళో పెట్టుకుని, కింది పెదవి లోపలికి లాగి, "ఇప్పుడు అడగమనండి దాన్ని!" అంది.

అది అడిగింది. ఇది చెప్పింది. టింగు. మళ్ళీ అడిగింది. టింగు. గంట కొట్టినా లేవలేదు. నిజం ఒప్పుకోవాలి, అప్పుడు టింగు మాస్టారి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. దారి తెలిసిన మనిషిని నడిపించడంలో ఆయన్ని మించినవాడు లేడు. దారి తెలియని మనిషిని కూడా నడిపిస్తాడు, అదొక్కటే చిక్కు.

అక్కడితో ఆగితే బావుండేది. కానీ నాకు ఆ అలవాటు వ్యసనమైపోయింది. ముందు బోర్డు మీద పాఠం చెప్పడం, చివర్లో కాసేపు ట్యాబులు ఇవ్వడం, ఎవరి గడి ఎర్రబడితే వాళ్ళ పక్కన పొట్టి బెంచీ మీద కూచోవడం. టీచరమ్మకి చెబితే ఆవిడకీ అంటుకుంది. ఆవిడ లాయర్ని పిలిపించుకుని, "నువ్వు లాయరువి కదా, జవాబు కొట్టేముందు నీ వాదన నాకు చెప్పు" అంది. పాపం, వాదించడం కోసం వాడు లెక్కలు నేర్చుకోవలసి వచ్చింది. ప్రాక్టీసు మూతబడింది!

అలా రెండు సెక్షన్లూ నిజంగానే పచ్చబడుతున్న రోజుల్లో ఓనరుగారు రౌండ్‌కి వచ్చారు. ఆయన తలుపు దగ్గర నిలబడి చూసిన దృశ్యం ఇది: పిల్లలందరూ కిక్కురుమనకుండా ట్యాబుల మీద పనిచేసుకుంటున్నారు. మాస్టారు ఒక్కడు, పొట్టి బెంచీ మీద ఒక పిల్లాడి పక్కన చేరి, పెన్సిళ్ళతో ఆడుకుంటున్నాడు.

ఆయన తన ఫోన్లో మా గడులు చూసుకున్నారు. అంతా ఆకుపచ్చే. మమ్మల్నిద్దర్నీ గదికి పిలిచారు.

"ఫలితాలు అద్భుతంగా ఉన్నాయి" అన్నారు. "పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చేసుకుంటున్నారు. మీకు పని లేకుండా పోయింది. మీ తప్పని అనను. పని లేకపోతే మనిషన్నవాడు పెన్సిళ్ళతోనైనా ఆడుకుంటాడు."

"వాళ్ళు పచ్చబడింది మేం పక్కన కూచోబట్టి సార్" అంది టీచరమ్మ.

"నేనూ అదే అంటున్నానమ్మా, మీరు కూచునే ఉంటున్నారు!"

ఇంత తర్కానికి ఎవరు జవాబు చెప్పగలరు? లాయరు ఉంటే ఏమైనా చెప్పేవాడేమో. వారం తిరగకుండా రెండు సెక్షన్ల మధ్యనున్న చెక్కగోడ తీసేశారు. రెండు క్లాసులూ ఒక హాలయ్యాయి. మా ఫలితాలు చూసిన ఉత్సాహంలో నాలుగో తరగతి సెక్షన్ల మధ్య గోడ కూడా తీయించారు. గొంతు బావుంటుందని టీచరమ్మని ఆఫీసులో ఫోను దగ్గర వేశారు. చేరడానికొచ్చే పిల్లల తల్లిదండ్రులకి చెప్పవలసిన మాటలు ఒక కాగితం మీద రాసిచ్చారు. "మా బళ్ళో ప్రతి పిల్లవాడి మీదా ప్రత్యేక శ్రద్ధ ఉంటుందండీ" అని ఆవిడ రోజంతా చదివేది. ఒక మధ్యాహ్నం నేను అటు వెళితే, రిసీవరు పెట్టేసి, "ఎవరు మాస్టారూ ఈ శ్రద్ధ? నేనెప్పుడూ చూళ్ళేదు. మీ హాల్లో ఉంటుందా?" అని అడిగింది.

మా హాల్లో లేదు. ఉంటే కనబడేది. నాకు మాత్రం చేతినిండా పని. ఈ మూల ఛార్జరు తీగ పెడితే ఆ మూల తీగ ఊడేది. ఒకరోజు అవతలి గోడ దగ్గర టీచరమ్మ సెక్షన్ పిల్లవాడొకడు, హెడ్‌ఫోన్లు పెట్టుకునే, చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడు. లాప్‌టాప్‌లో వాడి గడి ఎర్రగా ఉంది. వాడి దగ్గరికి బయల్దేరాను. దారిలో నలుగురు షర్టు పట్టుకుని ఆపారు. నేను చేరేలోగా గంట కొట్టారు. మర్నాడూ అంతే. మూడోరోజుకి వాడి గడి పచ్చగా మారింది. ఎలాగా అని చూస్తే, లాయరు మళ్ళీ ఆఫీసు తెరిచాడు. రెండు సెక్షన్ల క్లయింట్లు! ఒకటి, ఒకటి, ఒకటి, టింగు.

ఓనరుగారి ఫోన్లో పచ్చదనం చెక్కుచెదరలేదు. పచ్చ పచ్చే కదండీ! అది ఎలా వచ్చిందో అడగడానికి మనమెవరం?

ఇంత సవ్యంగా సాగుతున్న పురోగతికి ఒక ఆడకూతురు అడ్డుపడింది. ఓనరుగారి కోడలు! కొడుకుని మరేదో పెద్ద బళ్ళో చదివిస్తూ ఉండేది. అక్కడ వాడికి లెక్కలు ఒంటబట్టలేదు. మనదే బడి ఉండగా పరాయి బడి ఎందుకని, వాణ్ని మా మూడో తరగతిలో వెయ్యడానికి తీసుకొచ్చింది. ఓనరుగారు స్వయంగా మనవడి వేలు పట్టుకుని హాల్లోకి వచ్చారు. కాకిపిల్ల కాకికి ముద్దు.

"మాస్టారూ, వీడు చినబాబు. తీసివేతల్లో కాస్త తడబడుతున్నాడు. దగ్గరుండి చూడాలి."

"దానికేం సార్, టింగు మాస్టారు చూస్తాడు."

"అబ్బే, మీరు చూడాలి."

"నేను ఛార్జింగ్ చూడాలి కదండీ."

ఓనరుగారు చిరాగ్గా తల తిప్పారు. ఆ తిప్పడంలో హాలంతా కనబడింది. ఇన్నాళ్ళూ ఆయన చూసింది ఫోన్లో గడులు. ఇప్పుడు కనబడినవి తలకాయలు.

"ఇంతమందున్నారేంటి!" అన్నారు.

"తమరే గోడ తీయించారు సార్."

కోడలుగారు కొడుకుని దగ్గరకి లాక్కుంది. "మావయ్యగారూ, ఇంతమందిలో మనవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? పైగా పూటంతా ఆ స్క్రీన్ చూస్తే కళ్ళేం కావాలి?"

"అలా అనకమ్మా. ఇది సైంటిఫిక్ పద్ధతి. ఫలితాలు చూస్తే నువ్వే..."

"సైంటిఫిక్ అయితే మిగతా పిల్లలకి పెట్టుకోండి. నా కొడుక్కి మనిషి కావాలి!"

ఊరందరినీ ఒప్పించిన ఓనరుగారు కోడలి ముందు నీళ్ళు నమిలారు. మేమందరం, లాయరుతో సహా, నేల చూపులు చూశాం. చినబాబు మాత్రం బుంగమూతి పక్కన ఖాళీ చూసుకుని అప్పుడే కూచున్నాడు.

తర్వాతి సోమవారానికి చెక్కగోడ మళ్ళీ లేచింది. టీచరమ్మ ఫోను వదిలి క్లాసుకొచ్చింది. "విద్యార్థుల కంటి ఆరోగ్యం దృష్ట్యా" ట్యాబులు పాఠం అయ్యాక కాసేపే వాడాలనీ, తడబడే పిల్లల పక్కన టీచర్లు తప్పనిసరిగా కూచోవాలనీ ఓనరుగారు సర్క్యులర్ ఇచ్చారు. ఈ ఆలోచన ఆయనకి తెల్లవారుజామున నడుస్తుండగా తట్టిందట. మేం చప్పట్లు కొట్టాం. ఈసారి టీచరమ్మ కూడా కొట్టింది.

ఆ మొదటి రోజే ఆవిడ, ఏడ్చిన పిల్లవాడి పక్కన కూచుంది. ఎలా చేశావో చెప్పు నాన్నా అంది. వాడు చాలాసేపు చెప్పాడు. ఆవిడ ఆసాంతం వింది. అంతే జరిగింది. కిటికీలోంచి చూశాను కాబట్టి చెబుతున్నాను, వాడు వెళ్ళేటప్పుడు మెట్లు రెండేసి దూకుతూ దిగాడు.

కాబట్టి, సాఫ్ట్‌వేర్ కంపెనీలవారికి నా విన్నపం. మీ సరుకు బంగారం. దాన్ని క్లాసులో చక్కగా వాడడమెలాగని మీరు లావుపాటి పుస్తకాలు అచ్చేసి పంచుతున్నారు, శ్రమ తీసుకోకండి. ట్యాబులతో పాటు ప్రతి క్లాసుకీ ఒక ఓనరుగారి మనవణ్ణి సప్లై చెయ్యండి చాలు! గోడలు వాటంతటవే లేస్తాయి, టీచర్లు ఫోను దగ్గర్నుంచి నడిచొస్తారు, శ్రద్ధ ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తుంది. ఇంతకన్నా సైంటిఫిక్ పద్ధతి నేనింతవరకూ చూడలేదు.

మా నాలుగో తరగతి పిల్లలు మాత్రం ఇంకా గోడ లేని వాళ్ళ హాల్లోనే ఉన్నారు. వాళ్ళ సంగతి ఏమిటని ఓనరుగారి దగ్గర కదిపి చూశాం. ఏం చేస్తాం? ఆయనకి ఉన్నది ఒక్కడే మనవడు.